వెనక ఫుట్‌రెస్టులు తీయొద్దన్నాను

"వెనకాల ఎవరు కూర్చుంటారు సార్ మీకు? ఫుట్‌రెస్టులు పీకేద్దాం. పని తేలిగ్గా అయిపోద్ది," అన్నాడు మా మెకానిక్, బండి కింద నుంచి తల బయటపెట్టకుండానే.

అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకు యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. మా అమ్మ పోయాక తిరువూరులో ఒక గది, దానికి అంటుకుని చిన్న వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఇవన్నీ అతనికి తెలిసినవే. అయినా నాకు ఒళ్ళు మండింది.

"ఉండనివ్వమంటే ఉండనివ్వు భాయ్. ఎవరు కూర్చుంటారో నీకెందుకు?"

"ఆలూ లేదు, చూలూ లేదు అన్నట్టుంది సార్ మీ యవ్వారం," అని నవ్వాడు. నేను నవ్వలేదు. పానాల డబ్బా పక్కన బోర్లించిన టైరు మీద కూర్చుని రోడ్డు వైపు తిరిగాను.

నా బండి పాతది. చేసినవాళ్ళే దాన్ని మర్చిపోయి చాలా కాలమైంది. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, మెత్తటి చప్పుడు. ఏళ్ళ తరబడి అతుకు మీద అతుకు వేయించుకుంటూ ఆ సైలెన్సర్లనే లాక్కొచ్చాను. ఈసారి మాత్రం వెల్డింగు అతను గోటితో గీకి చూసి, అతుకు వెయ్యడానికి ఇనుమంటూ మిగలాలి కదండీ అన్నాడు. ఆ మోడల్‌వి ఎక్కడా దొరకవు. విజయవాడ నుంచి వేరే రకం తెప్పించాం. అవి పొట్టివి, లావువి, తళతళలాడుతున్నాయి. నా బండికి ఆ మెరుపు ముసలాయనకి పెళ్ళికొడుకు పంచె కట్టినట్టుంది.

చిక్కు ఎక్కడంటే, నా బండిలో సైలెన్సరును పట్టుకునేదీ వెనక ఫుట్‌రెస్టును పట్టుకునేదీ ఒకటే బోల్టు. పాత సైలెన్సరు సన్నగా ఉండేది కాబట్టి రెండూ సర్దుకుని బతికాయి. ఈ లావువి వచ్చి ఫుట్‌రెస్టు చోటును కబ్జా చేశాయి. ఫుట్‌రెస్టు కిందికి దించితే సైలెన్సరుకు తగులుతోంది, సగంలో ఆగిపోతోంది. అందుకే తీసేద్దామన్నాడు.

ఎందుకు వద్దన్నానో అతనికి చెప్పలేదు. చెబితే ఇంకా నవ్వేవాడు.

నేను గంపలగూడెం దాటాక ఉన్న ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. షిఫ్టంతా ఒక్కడినే. గంట గంటకూ మీటర్లు చూసి రాసుకోవడం, ట్రాన్స్‌ఫార్మర్ల హోరు వినడం. షిఫ్టు ఎక్కేవాడు "ఏం లేదుగా?" అంటాడు. దిగేవాడు "ఏం లేదు" అంటాడు. మా ఇద్దరి మాటలూ అక్కడికి సరి. ఫోను చేసే రైతులు "ఆపరేటరుగారూ, కరెంటు ఎప్పుడిస్తారు?" అంటారు. మెకానిక్ "సార్" అంటాడు. ఇంటివాళ్ళు "పై గదాయన" అంటారు. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి మా అమ్మే. ఆమెతోనే ఆ పిలుపూ పోయింది.

మాటలన్నీ నాకు దారిలోనే దొరికేవి. మా దారిలో బస్సుకీ బస్సుకీ మధ్య చాలాసేపు పడుతుంది. షేర్ ఆటో నిండితేగాని కదలదు. అందుకని వెనక సీటు ఖాళీగా పోయే బండి కనిపిస్తే ఎవరైనా చెయ్యెత్తుతారు. ఎత్తడం తప్పు కాదు, ఆపకపోవడమే తప్పు. పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళు, బ్యాంకు పనిమీద వెళ్ళే పెద్దవాళ్ళు, ఎవరో ఒకరు ఎక్కేవారు. ఎక్కిన నిమిషానికే మొదలు. కొడుకు మాట వినడు, కోడలు కూర చెయ్యదు, మిర్చికి తెగులొచ్చింది. మొహం కనిపించదు కాబట్టి మనసులో మాట తేలిగ్గా వచ్చేస్తుంది. నేను ముందుకు చూస్తూ "ఆఁ, ఆఁ" అనేవాడిని. రోజులో నేను మనిషిననిపించేది ఆ కాసేపే. ఫుట్‌రెస్టులు పోతే అదీ పోతుంది. కాళ్ళు వేలాడేసుకుని ఎవరు కూర్చుంటారు?

ఎక్కేవాళ్ళలో ఒక మామ్మ ఉంది. మామిడితోటల దగ్గర మలుపులో ఎక్కి, గంపలగూడెంలో కూతురింటి దగ్గర దిగేది. చూపు సరిగా ఆనదు. తెల్లచీర, చంకలో సంచి. ఒకపక్కకి కూర్చుని రెండు కాళ్ళూ ఎడమ ఫుట్‌రెస్టు మీదే పెట్టేది. చెయ్యి నా భుజం మీద వేసి, దిగేదాకా తీసేది కాదు.

మెకానిక్ మొదట సైలెన్సర్లకు ఇనప పట్టీలు కట్ చేయించి, వాటిని కిందికీ వెనక్కీ వేలాడదీశాడు. ఫుట్‌రెస్టు దిగింది. తనే వెనకెక్కి అటో కాలు, ఇటో కాలు పెట్టి, "భేషుగ్గా ఉంది సార్," అన్నాడు.

"ఒకపక్కకి కూర్చో," అన్నాను.

"నేనా?"

"చీర కట్టుకున్నట్టు కూర్చో."

షాపు ముందున్నవాళ్ళంతా నవ్వుతుండగా అతను సిగ్గుపడుతూనే కూర్చున్నాడు. రెండు పాదాలూ ఎడమ ఫుట్‌రెస్టు మీద పెట్టగానే మడమ సైలెన్సరుకు ఆనింది. అంతకుముందే ఇంజను తిప్పి చూశాడు, సైలెన్సరు ఇంకా వేడి మీదుంది. చెప్పు అంచు కమురు వాసన కొట్టింది. "అమ్మో!" అని దూకాడు. ఆ తరవాత నవ్వలేదు, ఎవరని అడగనూ లేదు. ఎడమవైపు ఫుట్‌రెస్టుకు బుష్ అనే ఇనప గొట్టం ముక్క వేసి బయటికి జరిపాడు. దాని మీద వెడల్పాటి రేకు కూడా అతికించాడు. సాయంత్రానికి పని పూర్తయింది. గెలిచినవాడిలా బండి ఎక్కాను.

కిక్కు కొట్టగానే ఎదురుగా పడుకున్న కుక్క లేచి పారిపోయింది. పగలు షాపు గోలలో తెలియలేదుగాని, చప్పుడు అంతలా ఉంది. కొత్తకదా, తగ్గుతుందిలే అనుకున్నాను.

మర్నాడు ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ మర్నాడూ లేదు. ఆదివారమేమో, పత్తి తీత అయిపోయిందేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. వారం గడిచినా అంతే. పొలం గట్టు మీద నిలబడ్డవాళ్ళు నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. వెనక రెండు ఫుట్‌రెస్టులూ ఎవరి కాళ్ళూ లేకుండా నాతో వచ్చేవి, నాతో పోయేవి.

ఒకరోజు మలుపులో మామ్మ కనిపించింది. నేను వేగం తగ్గించాను. ఆవిడ ఒక చేత్తో చెవి మూసుకుని, మొహం తోట వైపు తిప్పేసుకుంది. నాకు పౌరుషం వచ్చింది. ఇన్నాళ్ళు ఎక్కించుకున్నందుకు ఇదా అనుకుని ఆపకుండా పోయాను. ఆ రోజు సబ్‌స్టేషన్‌లో అన్నం కూడా సయించలేదు. ఎవరిమీద కోపమో తెలియని కోపం. ఆ హోరు మధ్య కూర్చుని ఉండగా మెల్లగా బుర్రకెక్కింది. ఈ హోరులో రవ్వంత తేడా వస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరుకు ఏమైందో నేను కళ్ళు మూసుకుని చెబుతాను. ఆ దారిలో జనమూ నన్ను అలాగే పోల్చుకునేవారు. నా తల మీద హెల్మెట్. మొహం ఎవరు చూశారు? వాళ్ళకు తెలిసింది నా బండి చప్పుడు. అది వినపడగానే ఇంట్లోంచో గట్టు మీంచో రోడ్డెక్కేవారు. వాళ్ళ చెవులకు ఇప్పుడు వస్తున్నది ఎవడో జులాయి కుర్రాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కాళ్ళు పెట్టుకునే చోటు కోసం అంత పోట్లాడానే, వాళ్ళను పిలిచే గొంతు మాత్రం ఆ మెకానిక్ షాపులోనే వదిలేసి వచ్చాను.

మర్నాడు మలుపుకు కొంచెం ముందే ఇంజను ఆపేశాను. అక్కడ రోడ్డు పల్లం. బండి దానంతటదే దొర్లుకుంటూ వెళ్ళి మామ్మ ముందు ఆగింది. హెల్మెట్ తీశాను.

"ఎక్కు మామ్మా."

ఆవిడ నా గొంతు విని దగ్గరికొచ్చి, నా మొహంలో మొహం పెట్టి చూసింది. తరవాత నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వా! బతికే ఉన్నావా నాయనా!"

"నాకేమైంది?"

"నీ బండి చప్పుడు వినపడక ఎన్నాళ్ళైందీ! ఏవైపోయావో అనుకున్నా. ఆటోవోళ్ళని అడిగా. ఎవరి గురించి మామ్మా అంటారు. పేరు తెలిస్తేగా నేను చెప్పడానికి! ప్రార్థనలో కూడా, ప్రభువా, ఆ బండబ్బాయిని కాపాడు అని చెప్పుకున్నా. ఏ బండో ఆయనకి తెలుసులే."

నేను పోయానని ఒక మనిషి దిగులు పడింది. నేను మాత్రం ఈ లోకంలో నేనుంటే ఎంత, పోతే ఎంత అనుకుంటూ అదే మలుపు దాటి పోతూ వచ్చాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి చూపు ఆనకపోవడం ఆ ఒక్కసారికి మంచిదే అయింది.

"సైలెన్సర్లు మార్చాను మామ్మా. అందుకే ఈ గోల."

"ఈ దిక్కుమాలిన చప్పుడు నీదేనా! పోనీలే, ఇకనించి దీన్నే గుర్తుపెట్టుకుంటా," అంది. ఎక్కి, ఒకపక్కకి కూర్చుని, పాదాలతో తడుముకుంది. "ఇదేదో పీటలా ఉందే," అని రెండు కాళ్ళూ రేకు మీద పెట్టుకుంది. భుజం మీద చెయ్యి వేశాక అడిగింది. "ఇంతకీ నీ పేరేంటి?"

చెప్పాను. నా పేరు నా నోటికే కొత్తగా ఉంది.

ఇంజను స్టార్ట్ చేశాక ఆవిడ దారంతా ఏదో చెబుతూనే ఉంది. ఒక్క ముక్క వినపడలేదు. అన్నిటికీ "ఆఁ, ఆఁ" అన్నాను. కూతురింటి దగ్గర దిగి, సంచి సర్దుకుని, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. నా పేరు పెట్టి పిలిచి, "జాగ్రత్తగా వెళ్ళు," అంది. ఇంజను ఇంకా ఆపలేదు. అంత గోలలోనూ నా పేరు నాకు వినపడింది.