ఎర్రదారం కట్టిన అధ్యాయం

మా పెద్దమ్మ పత్రికలో పిల్లల సాహసగాథలకూ, మాయాలోకాల నవలలకూ సమీక్షలు రాస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. యాభై దాటిన మనిషి రాక్షసుల తలలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుందని మేము ఏడిపించినా పట్టించుకోదు. పుస్తకం రాగానే చివరి అధ్యాయానికి దారం చుట్టి ముడేస్తుంది. సమీక్ష రాశాకే విప్పుతుంది. "ముగింపు తెలిస్తే నా నోట్లో నువ్వుగింజ నానదే," అంటుంది. అది మాత్రం నిజం.

సమీక్షకు రెండు ప్రతులు పంపడం ఆనవాయితీ. రెండోది ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ కూతురికి వెళ్తుంది. దానికి పదకొండేళ్లు. మొన్న వచ్చిన నవలలో ఒక అమ్మాయి తల్లిని వెతుక్కుంటూ పాతాళానికి దిగుతుంది. ఎదురింటావిడకు కడుపులో గడ్డ, పెద్ద ఆపరేషన్. పిల్లకు ధైర్యంగా ఉంటుందని పెద్దమ్మ ఆ పుస్తకమే ఇచ్చి ఆసుపత్రికి పంపింది.

ఆపరేషన్ రోజు పదకొండింటికి సమీక్ష ముగించి దారం విప్పింది. నాలుగు పేజీలు చదివేసరికి ముఖం పాలిపోయింది. కథలో పిల్ల ఒంటరిగా తిరిగొచ్చింది. తల్లి రాలేదు.

"ఎంత పని చేశానే! పూర్తిగా చదవకుండా పసిదాని చేతిలో పెట్టాను," అంటూ నన్ను ఆటో ఎక్కించింది. "గంటకు అరవై పేజీలు చదువుతుందది. పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే..." దారంతా నా చెయ్యి నలిపేసింది. నాకు ఒళ్లు మండింది. నియమమట, నియమం! అనుకున్నాను మనసులో.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద పిల్ల వాళ్ళమ్మమ్మ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం మూసి ఉంది.

"చదివేశావామ్మా?"

"లేదత్తయ్యా. మీలాగే కట్టేశా." చివరి పేజీల చుట్టూ వాళ్ళమ్మ కుట్టుమిషను మీది ఎర్రదారం, రెండు ముడులు. "అమ్మ బయటికొచ్చాక ఇద్దరం విప్పుతాం. మీరు విప్పేశారా? ఆ పిల్ల వాళ్ళమ్మ వస్తుందా?"

పెద్దమ్మ దాని జడ సర్దింది. "నేనింకా విప్పలేదమ్మా," అంది.

పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకుంది. తలుపు మూడుసార్లు తెరుచుకుంది, మూడుసార్లూ వేరేవాళ్ల కోసం. ప్రతిసారీ పెద్దమ్మ పెదవులు బిగించడం చూశాను. ఆమె మీద కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. నాలుగోసారి డాక్టరు వచ్చి మాస్కు కిందికి లాగాడు.

"గండం గడిచింది. సాయంత్రం చూడొచ్చు."

అమ్మమ్మ బావురుమంది. పిల్ల ఏడుస్తూ, నవ్వుతూ దారం ముడి వెతుక్కుంది. పెద్దమ్మ ఆ చేతిని ఆపింది.

"ఇప్పుడొద్దు తల్లీ. చివర బాగా ఏడిపిస్తుంది. మీ అమ్మ పక్కనున్నప్పుడే చదువు."

పిల్ల కళ్లు తుడుచుకుని పెద్దమ్మను ఎగాదిగా చూసింది.

"అంటే, మీరు విప్పేశారన్నమాట."