నూనె డబ్బాలో రుద్రజడ

ఆ రోజుల్లో మట్టెవాడలో పిల్లల తల్లి పలక పట్టుకొని బయటికి వస్తే వాకిళ్ళల్లో కూర్చున్న వాళ్ళంతా మాటలు ఆపి చూసేవాళ్ళు. నేను అట్లా చూపులు తిన్నదాన్నే. ఇప్పుడు మనవరాలి హోంవర్కులో తప్పులు దిద్దుతున్నానని నన్ను పెద్ద చదువరి అనుకోకండి. నాకు ముప్పై దగ్గరపడ్డదాకా 'అ' ఏదో, 'ఆ' ఏదో తెలియదు. మాది మగ్గాల ఇల్లు. మామ, మా ఆయన నేసేవాళ్ళు (మా ఆయన ఈ కథలో పనికొచ్చే మాట ఒక్కటీ మాట్లాడలేదు, అందుకని ఆయన్ను ఇక్కడే వదిలేస్తున్నా). నేను, అత్త మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్ళం. పొద్దు వాలినంక మా వాడలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి ఒకటి పెట్టారు. నేను పోతానంటే అత్త ముఖం గంటు పెట్టుకుంది. "నువ్వు బడికి వోతే కండెలు నీ పంతులమ్మ వచ్చి చుడ్తదా?" అంది. మామే మెత్తబడి, పోనియ్యే, మూణ్ణెల్లల్ల తనే బేజారై మానేస్తది అన్నాడు. అది నా మీద ప్రేమ అనుకున్నా అప్పుడు.

అక్షరాలు ఒక తీరుగా పట్టుబడ్డాక మా చేతుల్లో వాచకం పెట్టారు. అందులో చెట్ల పాఠం ఉంది. మొదటి వాక్యం 'రుద్రజడ మంచి వాసన గల మొక్క' అని. మాలో ఒక్కరికీ అదేందో తెలియలేదు. టీచరమ్మ నాకంటే చిన్నపిల్ల, నవ్వి, "సబ్జానే అక్కా. పుస్తకాలల్ల రుద్రజడ అని రాస్తరు. పూల కంకి చూడు, అల్లిన జడ లెక్కనే ఉంటది" అంది. మా ఇంట్లో వాడిన నీళ్ళు పోయే మోరి పక్కన తుప్పుపట్టిన నూనె డబ్బాలో ఉన్నది అదే. రాలిన గింజలకు డబ్బా చుట్టూ ఇంకో నాలుగు మొలిచాయి. మా అత్త రోజూ పొద్దున పళ్ళు తోముకొని పుక్కిలించి ఉమ్మేది దాని మొదట్లోనే. వేరే ఎరువు దానికి ఎవరూ వేసిన పాపాన పోలేదు.

తెల్లారి అత్త నోటినిండా నీళ్ళతో ఆ డబ్బా మీదికి వంగినప్పుడు నా చదువు చూపించుకోవాలని బుద్ధి పుట్టింది. అత్తా, దాని అసలు పేరు రుద్రజడ, బుక్కుల ఉన్నది అన్నాను. అత్త అట్లనే ఆగింది. నా వైపు చూసింది, డబ్బా వైపు చూసింది, నోట్లో నీళ్ళు గుటుక్కున మింగేసింది. మేము మార్కండేయుని వంశం అని చెప్పుకునేవాళ్ళం. యముని పాశం నుంచి మా మూలపురుషుణ్ణి కాపాడిన శివుడంటే మా అత్తకు ప్రాణం. "ఎన్నేండ్ల సంది ఉమ్ముతాన్ననే దేవుని జడల మీద," అని అక్కడే కూలబడింది.

పొద్దెక్కేసరికి డబ్బాకు పసుపు, బొట్లు. మోరి పక్క నుంచి తులసి పక్కకు చేరింది. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి మొక్కిపోయారు. నా కోడలు చదివి చెప్పింది అని అత్త ప్రతి ఒక్కరికీ చెప్పింది. కండెలు తనే చుట్టి, నువ్వు జల్ది పో, మనింట్ల ఇంకా ఏ దేవుడున్నడో చదువుకొని రా అని నన్ను బడికి తోలడం మొదలుపెట్టింది. నా అంత అదృష్టవంతురాలు ఎవరూ లేరు అనుకున్నా.

అప్పుడు ఎండలు ముదిరాయి. గుంట మగ్గంలో కూర్చొని నేసే మామకు ప్రతి మధ్యాహ్నం సబ్జా గింజలు వేసిన నిమ్మకాయ షర్బత్ పడాలి, లేకపోతే చెయ్యి ఆడదు. ఆ ఎండాకాలం మొదటిసారి అడిగితే అత్త, దేవుని జడలు పీక్కొని తాగుతవా అని కసిరింది. అంగట్లో కొనుక్కుంటా అంటే అవీ దేవునివే అంది. సబ్జా లేని ఉత్త షర్బత్ ఒక్క గుక్క తాగి, మామ పోగు ఆడించే నాడె కింద పెట్టి నన్ను పిలిచాడు. "పిల్లా, రేపటి సంది బడి బంద్. ఇయ్యాల సబ్జా వోయింది. రేపు నువ్వు చాయపత్తకు ఏం పేరు తెస్తవో, ఏమో." మా ఇంట్లో మామ మాటకు తిరుగులేదు.

మరునాడు బడి యాళ్ళకు ఇంట్లోనే కూర్చొని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, ఇంత పని చేసిన పాఠాన్ని తిట్టుకుంటూ మళ్ళీ తెరిచాను. నిజం చెప్పాలంటే నేను చదివింది మొదటి వాక్యమే. దాని తర్వాత ఇంకొకటి ఉంది. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. అత్తను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకొని పైకి చదివాను. "దా... ని... గిం... జ... లు... నా... న..."

"నానబెట్టి, పిల్లా, నానబెట్టి," అన్నాడు మగ్గం గుంటలోంచి మామ. అక్షరం ముక్క రానివాడు నాకంటే ముందే చదివేశాడు.

'దాని గింజలు నానబెట్టి తాగితే ఒంట్లో వేడి తగ్గుతుంది.' అత్త పుస్తకం మీదికి వంగింది. "తాగితే అనే ఉన్నదా? మొక్కితే అని లేదా?" అని అడిగింది. తాగితే అనే ఉందని చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి, కళ్ళకద్దుకొని, అయితే ముందు దేవునికి పెట్టాలె అంది. (మా అత్త జన్మలో చదవడం నేర్చుకున్న మాట అదొక్కటే. తర్వాత తర్వాత మందు సీసా మీద కూడా 'తాగితే' ఎక్కడుందో వెతికేది.)

ఆ మరునాడు పొద్దు వాలే యాళ్ళకు మామ కాళ్ళు చేతులు కడుక్కొని డబ్బా ముందు నిలబడ్డాడు. అత్త దేవునికి చూపించి ఆయన అరచేతిలో ఉద్ధరిణెడు షర్బత్ పోసింది. మామ చేతిలోని మూడు గింజల వైపు చూసి, ఏమే, ఇది గొంతు దాకన్న పోతదా అన్నాడు. తీర్థం గంతే పోస్తరు అంది అత్త. ఆయన నోట్లో వేసుకొని, తల తుడుచుకొని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చి చెయ్యి చాపాడు. అట్లా ఎన్నిసార్లు వచ్చాడో, చివరికి అత్తకే నవ్వాగక చెంబు చేతికిచ్చింది. చెంబు ఖాళీ చేసి మూతి తుడుచుకొని, "బడి యాళ్ళయితాంది, ఇంకా ఇంట్లనే ఉన్నవేంది?" అన్నాడు నాతో.

ఇప్పుడు మడికొండలో కొడుకు ఫ్లాటులో ఉంటున్నా. బాల్కనీలో మనవరాలు పెంచే కుండీలో అదే వాసన మొక్క. దాని పేరు బేసిల్ అని ఆ పిల్ల నాకు చెబుతుంది, నేను కొత్తగా విన్నట్టు తల ఊపుతాను. దేవుడు లేడూ దయ్యం లేదూ, అది ఉత్త ఆకు అని నేను అందరి ముందూ అనేదాన్నే. మొన్న పొద్దున పళ్ళు తోముకుంటూ మరుపున నోటినిండా నీళ్ళతో బాల్కనీలోకి పోయి కుండీ మీదికి వంగాను. జడలాంటి పూల కంకి గాలికి ఊగింది. ఇటు చూసి, అటు చూసి, గుటుక్కున మింగేశాను.