ప్రభువు రేటు

దేవునికి స్తోత్రం. నోరు లేనివాళ్ల మొర వినే ప్రభువుకే మహిమ. నా మొర విన్నాడు గనుకే ఇది రాస్తున్నాను.

మా చర్చి కారేపల్లి దాటాక అడవి మొదలయ్యేచోట, ఒక రేకుల షెడ్డు. అందులో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. క్రిస్మస్‌కు సున్నం వేశాక పాస్టరుగారు గుమ్మం మీద ఇంగ్లీషులో ‘ప్రైజ్ ద లార్డ్’ రాయమన్నారు. మేమంతా ‘ప్రైస్ ద లార్డ్’ అనే పలుకుతాం. పలికినట్టే రాశాను. ప్రైస్ అంటే ధర అని తట్టలేదు.

సంఘపెద్ద కొడుకు ఖమ్మంలో ఉద్యోగం చేస్తాడు. పండుగకు వచ్చి గుమ్మం ముందు ఆగాడు.

“ఏందక్కా, ప్రభువును అమ్మకానికి పెట్టినవా? కిలో ఎంత?”

ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సంతలో కూడా నన్ను ‘రేటక్క’ అన్నారు. ఆదివారం సంఘపెద్ద లేచి, “స్పెల్లింగ్ రానామె పిల్లలకేం చెప్తది?” అని పిల్లలను తన కోడలికి అప్పగించాడు. వాళ్లు నా చాప దాటుకుంటూ వెళ్లి ఆమె ముందు కూర్చున్నారు. అది మరిచిపోను.

శత్రువుల పళ్లు విరగ్గొట్టమని వేడుకునే కీర్తనలున్నాయి. రోజూ పొద్దున్నే సంఘపెద్ద కొడుకు మొహం తలచుకుని అవే చదివాను. తెలుగు పక్కన ఇంగ్లీషు ఉన్న బైబిల్లో, మాట మాటకూ వేలు పెట్టి. సింహం వేట గురించిన వచనంలో ‘ప్రే’ కనిపించింది. పలకడానికి ప్రార్థన మాటే. కానీ ప్రార్థనకు నడుమ ‘ఏ’ అక్షరం, వేటకు ‘ఈ’.

మరుసటి ఏడు యువజన కూడికలకు అతనే ఫ్లెక్సీ చేయించి, “ఎట్లుందో చూడుండ్రి” అని గ్రూపులో పెట్టాడు. కింద పెద్దగా ‘ప్రే ఫర్ అస్’. మా కోసం ప్రార్థించండి అని అతని ఉద్దేశం. నడుమ ‘ఈ’ ఉంది. అందరూ ఆమెన్ పెట్టారు. నేనూ ఆమెన్ పెట్టాను.

కూడిక రోజు భద్రాచలం నుంచి వచ్చిన బోధకుడు మైకు పట్టుకుని ఫ్లెక్సీ వైపు తిరిగాడు. “ఏంది బాబూ, ఎవర్ని వేటాడమంటున్నవ్?”

ఆడవాళ్ల మధ్య నుంచి లేచాను.

“వేటమాంసం కిలో ఎంత తమ్ముడూ?”

రేకులు అదిరేలా నవ్వారు. అతను తల ఎత్తలేదు.

“స్పెల్లింగ్ రానోళ్లు చెప్పొద్దంటే ఇంకెవరు మిగిలిండ్రు పెద్దాయనా?” అని పాస్టరుగారు సంఘపెద్దను అడిగి, పిల్లలను నాకు తిరిగి ఇచ్చారు. మొదటి పాఠంగా ప్రార్థన ‘ప్రే’, వేట ‘ప్రే’ రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాశాను. ఎవరి గురించో పిల్లలు అడగలేదు, నవ్వారు. అతను ఇప్పుడు మా చర్చికి రావడం లేదు. రమ్మని నేను పిలవను.

చదివే మీరూ తల వంచి నాతో అనండి: ప్రభువా, నవ్విన నోటిని దాని రాతతోనే మూయించావు. అట్లాగే మూసి ఉంచు. ఆమెన్.