ఏడో వరుసలో నేను రాసిన మాట

నాలుగేళ్లుగా ఒక్క వరుస నా గుండె మీద కూర్చుని ఉంది. పట్టుమని పాతిక అక్షరాలుండవు దానికి. అయినా ఫోను మోగితే చాలు, ఎవరిదో రెండుసార్లు చూసిగానీ ఎత్తను. ఆటోవాళ్లు నాతో బేరమాడడానికి జంకుతారని ఈ వీధిలో పేరున్నదాన్ని నేను. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఈ పని చేశానేమో కూడా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా చర్చిలో తెరచాటున కూర్చుని పాపం చెప్పుకునే ఆచారం లేదు. ఉన్నా, మధ్యలోనే పాస్టరుగారితో వాదన పెట్టుకుని లేచొచ్చే రకాన్ని.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో గది తీసుకుని, కొట్లవాళ్ల వెబ్‌సైట్లు చూసిపెడతాను. ఎవరైనా సెర్చ్‌లో వెతికితే వాళ్ల సైటు పైన కనబడాలి. అదీ నా పని. నెలనెలా అందరికీ ఒక రిపోర్టు పంపుతాను. అందులో సైటుకి వందకి ఇన్ని అని ఒక స్కోరు ఉంటుంది. మన సైటు గురించి ఇంకెన్ని సైట్లు చెబుతున్నాయో చూసి ఎవరో బయటివాళ్లు వేసే మార్కు అది. సెర్చ్ ఆ మార్కు చూడదు. ఓనర్లు మాత్రం పిల్లల ప్రోగ్రెస్ కార్డులా చూసుకుంటారు. ఒకటి పెరిగితే స్వీటు, ఒకటి తగ్గితే నా మీద కేకలు. అది అంత ముఖ్యం కాదండీ అని నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెబుతాను?

డిగ్రీలో నా పక్క బెంచీ కుసుమ మంగళగిరి కోడలు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద మామగారు, ఒకదాని మీద భర్త. చీరలమ్ముకోవడానికి దానికి సైటు చేసిచ్చింది నేనే. అది ప్రతి చీర కిందా ఒక పేరా రాసేది. ఎవరు నేశారు, ఎన్నాళ్లు పట్టింది, వానలకి గుంటలో నీళ్లు ఊరి మగ్గం ఎన్నిరోజులు ఆగింది. ఆ రాతలే దాని బలం. మంగళగిరి చేనేత చీర అని ఎవరు వెతికినా మొదట దాని సైటే వచ్చేది.

అప్పుడే వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టాయన సైటు నా చేతికొచ్చింది. ఆడవాళ్లకి ఈ కంప్యూటర్ల సంగతులు ఏం తెలుస్తాయమ్మా అన్నాడు. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. మూడు నెలల్లో మీ కొట్టు మొదట రాకపోతే నా పేరు మార్చుకుంటానని గుమాస్తాలందరి ముందూ అనేశాను. కిందామీదా పడి రెండో స్థానం దాకా తెచ్చాను. పైన కుసుమ. ఏం చేసినా కదలలేదు.

రెండు సైట్ల తాళాలూ నా దగ్గరే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం, క్యారేజీ విప్పకుండానే, కుసుమ సైటు వెనకుండే కోడు తెరిచి ఏడో వరుసలో ఒక మాట చేర్చాను. ఈ సైటుని ఎవరికీ చూపించవద్దని సెర్చ్‌కి చెప్పే మాట. అడ్రసు తెలిసినవాళ్లకి సైటు ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. వెతికేవాళ్లకి మాత్రం దొరకదు. పదిరోజులాగి తీసేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నానని ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నానా? తెలియదు. కొట్టాయన సైటు మొదటికొచ్చింది. నేను తీయలేదు.

రెండు నెలలకి కుసుమ వచ్చింది. ఫ్యాను కింద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఏమే, నా సైటు చచ్చిపోయిందా ఏంటి? పేరు కొట్టినా రావట్లా.”

“నీ ఫోన్లో రాకపోతే లోకంలోనే లేనట్టా? అది ఒక్కొక్కళ్లకి ఒక్కోలా చూపిస్తది.”

“హైదరాబాద్‌లో మా ఆడపడుచు చూసినా రాలేదంటే!”

“మీ ఆడపడుచుకి నెత్తిన పెట్టుకున్న కళ్లజోడే కనబడదు, నీ సైటు కనబడుద్దా?”

పకపకా నవ్వింది. నేను వెంటనే రిపోర్టు దాని ముందు పెట్టాను.

“చూడు. పోయిన నెల ముప్పై ఒకటి. ఈ నెల ముప్పై మూడు. పెరిగిందా, తగ్గిందా?”

“పెరిగింది.”

“మరింకేం? సీజన్ డల్లు, అంతే.”

“ఊరికే కంగారుపడ్డానే. నీకు తెలిసినంత నాకేం తెలుసులే.”

ఆ ముప్పై మూడు నిజమే. నేను మార్చింది కాదు. లోకానికి కనబడకుండా దాన్ని పాతిపెట్టిన తర్వాత కూడా దాని మార్కు పెరిగింది. ఒక నిజాన్ని అడ్డం పెట్టుకుని అంత అబద్ధం ఆడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఏడాది తిరిగేసరికి మామగారి మగ్గం విప్పేశారు. గుంట పూడ్చి పైన టైల్స్ వేశారు. ఇప్పుడక్కడ ఫ్రిజ్జు ఉంది. వెళ్లినప్పుడల్లా దానికి దూరంగా కూర్చుంటాను. కుసుమ భర్త వన్ టౌన్‌లో అదే కొట్టులో చీరలు మడతపెడుతున్నాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. కుసుమ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేను విడిపించుకోలేదు.

నిన్న దాని కూతురు లావణ్య ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ చివరి ఏడు. “ఆంటీ, అమ్మ సైటు నేను మళ్లీ లేపుతా. ఫైళ్లన్నీ పంపుతారా? పాత మార్పులతో సహా.” పాత మార్పులంటే ఏ రోజు ఎవరు ఏం మార్చారో ఉండే చిట్టా. అందులో నా పేరుంది. ఆ తేదీ ఉంది.

అప్పటినుంచి దారులు వెతుకుతూనే ఉన్నాను. ఆ మాట చెరిపేయొచ్చు. చెరిపితే చెరిపిన తేదీ కూడా చిట్టాకెక్కుతుంది. చిట్టా పోయిందని చెప్పొచ్చు. చెబితే నమ్ముతుంది, వాళ్లమ్మ కూతురు కదా. నాకు భయం వేసింది అక్కడే. మళ్లీ నమ్ముతారని.

ఇందాక పదకొండింటికి అన్నీ పంపాను. కింద ఇలా రాశాను: “ఏడో వరుస చూడమ్మా. అది పెట్టింది నేనే, తెలిసే పెట్టాను. ఈ సాయంత్రం వచ్చి అమ్మకి నా నోటితో చెబుతాను.”

నీలిరంగు టిక్కులు పడ్డాయి. మంగళగిరి బస్సెక్కడానికి ఇంకా మూడు గంటల టైముంది. దారిలో ఏం వాదించాలో ఆలోచించబోయాను, ఏమీ తోచలేదు. ఊపిరి మాత్రం, నాలుగేళ్ల తర్వాత, గుండె అడుగుదాకా అందింది.