ఇద్దరు అప్పలరాజులు, ఒక్క గడి

2014 వేసవిలో నన్ను విజయనగరం ఆఫీసు నుంచి రాజాం పంపారు. నా హోదా సీనియర్ ప్రోగ్రామర్. ఉత్తర్వులో మాత్రం ‘సైట్ సపోర్ట్’ అని రాశారు. అది కొత్తగా చేరినవాళ్ళకు అప్పగించే పని. కారణం అడిగితే, విశాఖలో కూర్చునే మా టీమ్ లీడ్ కిరణ్, “మీకు ఇంటికి దగ్గర కదా మాస్టారూ” అన్నాడు. మా ఇల్లు చీపురుపల్లిలో. దగ్గరే. కానీ అసలు కారణం అది కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. రాజాంలో నాకిచ్చిన కుర్చీకి ఒక చెయ్యి లేదు. ఆ సంగతీ, ఈ సంగతీ కలిపి పైకి రాశాను.

అది ఒక డాక్టరు గారి సొంత రక్తపరీక్షల ల్యాబు. యంత్రం తేల్చిన అంకెలను చదివి, ఏ రోగివి ఆ రోగి రిపోర్టులో చేర్చడం మా ప్రోగ్రాం పని. రక్తం తీసిన గొట్టానికి నంబరున్న స్టిక్కరు అంటిస్తారు. యంత్రం ఆ నంబరునూ ఫలితాన్నీ కలిపి పంపుతుంది. చాలాకాలం ఒకే యంత్రం ఉండేది, ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఏడాదే పక్కన అలాంటిదే రెండోది పెట్టారు.

నేను చేరిన కొద్దిరోజులకు ధాన్యం కొట్లలో బస్తాలు మోసే అప్పలరాజు పరీక్షకు వచ్చాడు. హిమోగ్లోబిన్ ఆరు అని రిపోర్టు వచ్చింది. ఆరంటే మెట్లెక్కడం కూడా కష్టం. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. రక్తం ఇవ్వడానికి వచ్చిన బావమరిది రిపోర్టు చూసి, మనిషిని చూసి, “ఏటి బావా ఇది? కాగితం సూత్తే సచ్చిపోతన్నావు, మనిషిని సూత్తే నన్నే మోసుకెల్లీలాగున్నావు” అన్నాడు. ఆ మాటకు డాక్టరు గారికీ అనుమానం వచ్చింది. మళ్ళీ రక్తం తీస్తే పదమూడు పైన తేలింది.

అదే పూట వచ్చినవాళ్ళలో ఇంకో అప్పలరాజు ఉన్నాడు. మంచం మీద తెచ్చిన ముసలాయన. ఆరు ఆయనది. దాంతో కేసు తేలిపోయిందన్నారు. సింహాచలం అప్పన్న పేరూ పైడితల్లి పేరూ పెట్టుకోని ఇల్లు మా వైపు అరుదు. అందుచేత ఎక్కడ ఏది తారుమారైనా ‘పేర్లు కలిసిపోయాయి’ అనడం మాకు అలవాటు. స్టిక్కర్లు అంటించేది టెక్నీషియన్ నూకరత్నం కాబట్టి తప్పు ఆమెదన్నారు. సోమవారం నుంచి రావద్దని డాక్టరు గారు చెప్పేశారు.

నూకరత్నం సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. తల్లి చేపలమ్మి చదివించింది. ఏడవలేదు. నా గదికి వచ్చి నిలబడి, “నాను పేరు సూసి అంటించను బాబూ, నంబరు సూసి అంటిత్తాను. మీ కంప్యూటర్ని ఎవులూ అడగరేటి?” అంది.

నన్ను కూడా ఎవరూ అడగలేదు. అడక్కపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు గనుక ముసలాయన ఫలితాల వరుస తీసి చూశాను. స్టిక్కర్లు తారుమారైతే ఇద్దరివీ తప్పు రావాలి. బస్తాలు మోసే అతనికి ఆరు వెళ్తే, అతని పదమూడు ముసలాయనకు రావాలి. అలా రాలేదు. ముసలాయన రిపోర్టు మొదట ఖాళీగా వచ్చింది, మళ్ళీ నడిపితే ఆరు వచ్చింది. ఈ మాట కిరణ్‌కు ఫోనులో చెబితే, నూకరత్నమే గుట్టుగా సర్దేసి ఉంటుందన్నాడు. “మీరు పాతకాలం నుంచి వచ్చారు మాస్టారూ, థ్రెడ్ల సంగతి మాకు వదిలేయండి” అని కూడా అన్నాడు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల వరుసలను థ్రెడ్లు అంటారు. మా ప్రోగ్రాంలో ఒక్కో యంత్రానికి ఒక్కో థ్రెడ్. రెండు థ్రెడ్లు కంప్యూటర్ జ్ఞాపకంలోని ఒకే గడిలో, ఒకదానికొకటి చెప్పుకోకుండా రాసుకుంటే దాన్ని రేస్ అంటారు. ఇది రోజూ బయటపడదు. వెతుకుదామని ఏం జరుగుతోందో అచ్చువేసి చూపే వాక్యాలు ప్రోగ్రాం మధ్యలో పెడితే, ఆ కాస్త ఆలస్యానికే మాయమైపోతుంది కూడా. అందుకే రేస్ డిటెక్టర్లు వచ్చాయి. మూలప్రోగ్రాంను, అంటే సోర్స్ కోడ్‌ను, డిటెక్టర్‌తో కలిపి తయారుచేస్తే, ఏ థ్రెడ్ ఏ గడిని ముట్టుకుందో, అప్పుడు ఇంకో థ్రెడ్ రాకుండా తాళం వేసుకుందో లేదో అంతా గమనిస్తుంది. ప్రోగ్రాం మాత్రం ఎడ్లబండిలా నడుస్తుంది.

అయితే మూలప్రోగ్రాం సైట్ సపోర్ట్‌కు ఇవ్వరట. మా కంపెనీ డైరెక్టరు గారికి మెయిలు రాశాను. జవాబు రాకపోతే మర్నాడే మళ్ళీ రాశాను. కుర్చీ సంగతి కూడా ప్రతిసారీ చివర్లో చేర్చాను. “ఆయనడిగింది ఇచ్చెయ్యండి, ఇక ఉత్తరాలు ఆపుతారు” అని ఆయన ఆదేశించారు. మూలప్రోగ్రాం వచ్చింది. కుర్చీ రాలేదు.

శనివారం పొద్దున్న డిటెక్టర్ కలిపి, రెండు యంత్రాల పాత సందేశాలను ఒకేసారి పంపాను. కాసేపటికే అది చెప్పింది: ‘ప్రస్తుత నంబరు’ అనే ఒకే గడిలో రెండు థ్రెడ్లూ రాస్తున్నాయి, తాళం లేదు. ఏ ఫైలు, ఏ వరుస అన్నదీ చూపింది. అంటే ఆ రోజు మొదటి యంత్రం థ్రెడ్ ముసలాయన నంబరు రాసుకుంది. ఫలితం దాచేలోపు రెండో థ్రెడ్ అదే గడిలో బస్తాల అప్పలరాజు నంబరు రాసింది. ఆరు వెళ్ళి అతని రిపోర్టులో, అప్పటికే చేరిన పదమూడు మీద పడింది.

కిరణ్ ఒప్పుకోలేదు. నేను నడిపినప్పుడు రిపోర్టులన్నీ సరిగానే వచ్చాయిగా, ఇక తప్పెక్కడ అన్నాడు. చీపురుపల్లి గేటు తెరిచి ఉండగా రైలు వెళ్ళిపోయిందనుకో, ఆ క్షణంలో బండేదీ దాటలేదు గనుక గేటు బాగున్నట్టేనా అని అడిగాను. డిటెక్టర్ వెతికేది తెరిచున్న గేటును, గుద్దుకున్న బండిని కాదు. అతను ఫోను పెట్టేశాడు.

డాక్టరు గారికి గేట్ల కథ చాలదు. నంబరు రాయడానికీ ఫలితం దాచడానికీ మధ్య, మొదటి యంత్రం థ్రెడ్‌లో చిన్న ఆలస్యం పెట్టాను. నూకరత్నం రక్తం ఒక గొట్టంలో, డాక్టరు గారిది ఇంకో గొట్టంలో తీశాం. స్టిక్కర్లు ఆయన్నే అంటించమన్నాను. ఆమెది మొదటి యంత్రంలో, ఆయనది రెండోదాంట్లో ఒకేసారి నడిపాం. ఆమె రిపోర్టు ఖాళీగా వచ్చింది. డాక్టరు గారి హిమోగ్లోబిన్ పది దగ్గర ఆగింది. ఆయన దిట్టమైన మనిషి, పదిహేనుకు తగ్గదు.

నూకరత్నం కాగితం తీసుకుని చూసింది. “నా రగతం మీకొచ్చీసినాది సార్. ఈపాలి స్టిక్కరు ఎవులంటించినారు?”

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సోమవారం తొందరగా రమ్మని ఆమెతో చెప్పారు. క్షమించమనలేదు. “పది అంటే తక్కువే, ఐరన్ మాత్రలు వాడు” అన్నారు.

సవరణ చిన్నది. ఆ గడిని తీసేసి, ప్రతి థ్రెడ్ తన నంబరును తన దగ్గరే ఉంచుకునేలా చేశాను. సవరించిన ప్రోగ్రాం విడుదల పత్రంలో కిరణ్ దాన్ని ‘వేగం మెరుగుదల’ అని రాశాడు. డైరెక్టరు గారు మెచ్చుకుంటూ రాసిన మెయిలు అకౌంట్స్‌లోని అప్పలనరసయ్యకు వెళ్ళింది. నా పేరూ అప్పలనరసయ్యే. ఆయన ‘థాంక్యూ సార్’ అని జవాబు కూడా ఇచ్చాడు. పేర్లు నిజంగా కలిసిపోయింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత రిటైరయ్యేవరకూ ఒకే పద్ధతి పాటించాను. తప్పు అప్పుడప్పుడే కనబడుతుంటే, ముందు ఒకే గడిలో ఇద్దరు రాస్తున్నారేమో డిటెక్టర్‌తో చూడాలి. ఆ పని అయ్యేదాకా మనిషి పేరు ఎత్తకూడదు.