ఐసు దిమ్మల మీద బావ నడక

మంచు మీద నడవడానికి బూట్లకి తగిలించుకునే ముళ్ళ పట్టీలు అనకాపల్లిలో ఏ కొట్లోనూ దొరకవు. దొరకాల్సిన అవసరమూ లేదు. మా ఊళ్ళో మంచు రెండే రకాలు. ఒకటి, చలికాలం పొద్దున్నే పడే పొగమంచు. రెండు, చేపల బజారుకి వెళ్ళే ఐసు. మొదటిదాని మీద నడవలేం, రెండోదాని మీద నడవాలని ఎవరికీ తోచదు. అందుకే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. రెండు జతలు: ఒకటి నాకు, ఒకటి మా అక్క మొగుడికి, అంటే బావకి.

ఆఫీసులో కొంతమందిమి కలిసి హిమాలయాల్లో మంచు నడకకి వెళ్దామనుకున్నాం. శిఖరాలు ఎక్కడం లాంటిది కాదు. రెండు రోజుల తేలిక నడక. చివర్లో ఒకడు మానేశాడు. ఆ చోటికి నాకు మొదట గుర్తొచ్చింది బావ.

దానికి కారణం ఉంది. కిందటి వానాకాలం బావ బెల్లం మార్కెట్లో జారి పడ్డాడు. నేల మీద చిందిన పాకం మీద వాననీళ్ళు పడితే ఎలా ఉంటుందో అక్కడ వ్యాపారం చేసేవాళ్ళెవరికైనా తెలుసు. బావకీ తెలుసు, అయినా పడ్డాడు. చీలమండ విరిగింది, లోపల ప్లేటు వేశారు. కట్టుతో పడుకున్నన్నాళ్ళూ ఫోన్లో మంచుకొండల వీడియోలు చూసేవాడు. కట్టు విప్పాక డాక్టరు ఎముక బాగా అతుక్కుందన్నాడు, ఎక్కడికైనా నడవొచ్చన్నాడు. కానీ బావ నడక మారిపోయింది. నెత్తిన నిండు బిందె ఉన్నట్టు, పాదం నేల మీంచి లేపకుండా ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఎక్కడ తడి కనిపించినా గోడ పట్టుకునేవాడు. మార్కెట్లో తోటివాళ్ళు వేళాకోళం చేస్తే తనూ నవ్వేవాడు గానీ, సాయంత్రాలు బయటికి వెళ్ళడం తగ్గించేశాడు.

మంచు నడక అనగానే బావ సరే అన్నాడు. అక్క కుదరదంది.

పార్సిలు వచ్చిన రోజు ఆవిడకి పరికరం విడివిడిగా చూపించాను. బూటు చుట్టూ పట్టి ఉంచే సాగే రబ్బరు చట్రం. దాని కింద ఉక్కు గొలుసులు. గొలుసులకి గట్టి ముళ్ళు. మడమ కింద కొన్ని, మునివేళ్ళ కింద కొన్ని. మన బరువే ముల్లుని మంచులోకి దింపుతుంది, దిగిన ముల్లు పక్కకి జరగనివ్వదు. అక్క దాన్ని వేలితో ఎత్తి, తిప్పి చూసింది.

"ఎడ్లకి నాడాలు ఏత్తారు గానీ మనుషులకి కూడా ఏత్తారేట్రా?"

పనిచేస్తాయని చెప్పాను. "నా కళ్ళ ముందు మంచు మీద నడిపించు, అప్పుడు సూద్దాం" అంది. అనకాపల్లిలో మంచు ఎక్కడ దొరుకుతుంది, ఇంతటితో ఈ గొడవ వదిలిపోయిందని ఆవిడ ధీమా. ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఉన్న సంగతి మర్చిపోయింది.

వచ్చేది ఎవరో సోమవారానికి పేర్లు ఖాయం చెయ్యాలి. కాబట్టి ఆదివారం పొద్దున్న పరీక్ష. నేను మెకానికల్ చదివినవాణ్ణి, ఏర్పాట్లలో లోపం ఉండకూడదనుకున్నాను. పెరట్లో తడిపిన గోనె సంచులు పరిచాను, దిమ్మలు జరగకుండా. వాటి మీద ఐసు దిమ్మలు వరసగా పేర్పించి, అంచుల్లో ఇటుకలు ఒత్తుగా పెట్టాను. పడితే దెబ్బ తగలకుండా రెండు పక్కలా ఊక బస్తాలు. బావ కొత్త బూట్లు, వాటికి పట్టీలు, అన్నీ రెండుసార్లు లాగి చూశాను. పక్కింటి మామ కుర్చీ తెచ్చుకుని గోడ పక్కన కూర్చున్నాడు. ఆయన వచ్చాడంటే వీధికంతా తెలిసినట్టే.

బావ దిమ్మల మీదకి ఎక్కాడు. తన పద్ధతిలోనే, పాదాలు ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేశాడు. ఎక్కడా జారలేదు. మామ చప్పట్లు కొట్టాడు. నేను అక్క వైపు గర్వంగా చూశాను.

అక్క చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, వట్టి కాళ్ళతో దిమ్మల మీదకెక్కి, మా బావ నడిచినంత దూరమూ నడిచి దిగింది.

"నాకూ జారలేదు. మరి నీ నాడాలు సేసిందేటి?"

అప్పుడు చూశాను. ఐసు మీద అంగుళం మేర ఊక. మా వైపు ఐసు దిమ్మ ఊక లేకుండా ఫ్యాక్టరీ గడప దాటదు. కరిగిపోకుండా ఊకలో కప్పి పంపుతారు. పుట్టినప్పటి నుంచి ఐసు అంటే ఊకతోనే చూశాను కాబట్టి, ఊక నా కంటికి ఐసులో భాగంలాగే కనిపించింది. ఐసుకి అంటుకుపోయిన ఊక మీద ఎవరు నడిచినా జారరు. పట్టీలతో ఒకసారి, లేకుండా ఒకసారి నడిచి తేడా చూడాలన్న మొదటి ఏడాది ల్యాబు పాఠం నేను మర్చిపోయాను, ఏ ల్యాబూ చూడని మా అక్క ఆ పని చేసింది.

చీపురుతో ఊకంతా ఊడ్చి, పైపుతో నీళ్ళు కొట్టాను. దిమ్మలు అద్దంలా తేలాయి. ఈసారి పద్ధతి ప్రకారం ముందు పట్టీలు లేకుండా అని, మామూలు బూట్లతో నేనే ఎక్కాను. రెండో అడుగు వేశానో లేదో తెలియదు, ఊక బస్తా మీద వెల్లకిలా ఉన్నాను.

"ఇంజినీరు గారు లెక్క తప్పేరు" అన్నాడు మామ. అక్క కూడా నవ్వింది.

బావ నవ్వలేదు. నేను పడడం చూశాక ఆయన ముఖంలో రంగు మారింది. ఇందాకటి నడక ఊక మీదని ఇప్పుడు తెలిసిపోయింది. ఇక చాల్లే అంటాడేమో అనుకున్నాను, అంటే నేను కూడా బలవంతపెట్టేవాణ్ణి కాదు. కానీ బావ పట్టీలు సరిచూసుకుని దిమ్మల మీదకెక్కాడు.

రెండు అడుగులు బాగానే పడ్డాయి. మూడో అడుగు ఈడ్చేసరికి ముల్లు ఐసులో తట్టుకుని శరీరం ముందుకి తూలింది. ఎలాగో నిలదొక్కుకున్నాడు గానీ సరిగ్గా మధ్యలో బిగుసుకుపోయాడు. ముందుకి రాలేడు, వెనక్కి వెళ్ళలేడు. చేతులు గాలిలో గోడ కోసం వెతుకుతున్నాయి. నేను కింద నిలబడి చెప్పడం మొదలుపెట్టాను: పాదం ఈడ్చకూడదు, పైకి లేపాలి, మొత్తం పాదం ఒకేసారి దింపాలి, బరువు నిలువుగా పడాలి. ఒక్క ముక్క కూడా ఆయన చెవికి ఎక్కలేదు.

నేను వదిలేసిన పైపు నీళ్ళు కారుతుండగానే పట్టుకుని అక్క చూస్తోంది. చెయ్యందించి దింపేస్తే ఆవిడ మాటే నెగ్గుతుంది. రెండు అడుగులు ముందుకి వేసింది కూడా. అక్కడ ఆగి, చెయ్యి మాత్రం చాపలేదు.

"ఏవండీ. నేలంటే మీకు కోపం లేదేటండి? మీ కాలు ఇరగ్గొట్టింది గదా. తొక్కండి దాన్ని."

బావ ఆవిడ వైపు ఒకసారి చూశాడు. కాలు ఎత్తి దబ్బున దింపాడు. కరకరమని ముళ్ళు దిగాయి. రెండో కాలు ఎత్తి ఇంకా గట్టిగా దింపాడు. ఐసు ముక్కలు ఎగిరి నా మీద పడ్డాయి. పాకం చిందిన మార్కెట్టు నేలని, ప్లేటు వేసిన డాక్టరుని, వేళాకోళం చేసిన తోటివాళ్ళని అందరినీ కలిపి తొక్కుతున్నట్టు నడిచి చివరికి చేరాడు. దిగలేదు. అక్కడే తిరిగి మళ్ళీ ఇటు వచ్చాడు. ఈసారి అంత కోపం లేదు, అడుగు మాత్రం లేస్తోంది.

అలా తిరుగుతుండగా జేబులో ఫోను మోగింది. బావ బేరం మాట్లాడేటప్పుడు ఒకచోట నిలబడే మనిషి కాదు. ఒకప్పుడు మార్కెట్లో ఆ చివర నుంచి ఈ చివరికి పచార్లు చేస్తూ మాట్లాడేవాడు. కాలు విరిగాక మాత్రం ఫోను మోగితే ముందు కుర్చీ వెతుక్కుని, తర్వాత ఎత్తేవాడు. ఇప్పుడు ఐసు మీదే ఎత్తాడు. అవతల ఎవరో బెల్లం రంగు బాగోలేదంటున్నట్టుంది.

"రంగు సూసి కొంటావా, రుసి సూసి కొంటావా మావా?" అంటూ ఆ చివరికి వెళ్ళాడు. "నువ్వు రా ముందు. వచ్చి సూడు" అంటూ ఈ చివరికి వచ్చాడు. చూపు కిందకి లేదు. ఒక చెయ్యి చెవి దగ్గర, రెండో చెయ్యి బెల్లం దిమ్మ సైజు చూపిస్తూ గాలిలో.

అక్క కుళాయి కట్టేసింది. కాసేపు చూసి, గొంతు తగ్గించి నన్నడిగింది.

"అక్కడ సలికి ఉన్ని మేజోళ్ళు ఎన్ని జతలు కావాలిరా?"

మూడు చాలన్నాను. అయిదు కొంటానని లోపలికి వెళ్ళిపోయింది. బావకి ఆ సంగతి ఇంకా తెలియదు. రంగు గురించి వాదిస్తూ ఐసు మీద తిరుగుతూనే ఉన్నాడు.