మేనా కింద నా భుజం

దయ్యాల కబుర్లు ఎవరు మొదలుపెట్టినా లేచి వెళ్ళిపోయే రకం నేను. పీక్కుతినడానికి ఊళ్ళో దొర ఉండగా దయ్యం కూడా ఎందుకని నవ్వేవాణ్ణి. ఇది మాత్రం నా ఒంటి మీదే జరిగింది.

నిజాం పాలన చివరి రోజులు. గరిడేపల్లి దగ్గర మా ఊరు. దొర ఎక్కడికి వెళ్ళినా మేనా ఎక్కించుకుని మోయడం మా వెట్టి. ఇంటికో మనిషి భుజం పెట్టాలి. నాది కుడివైపు.

మిర్యాలగూడ నుంచి వస్తూ ఒకసారి బురదలో జారాను. మేనా బొంగు నా మీద పడి, మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగింది. దొరకు కుదుపు తగిలిందని నన్నే తిట్టారు.

ఊళ్ళో గుడ్డుసొన, మినప్పిండి పట్టీ వేశారు. అతకలేదు. ఎముక మొన లోపలినుంచి చర్మాన్ని పొడుస్తుంటే సూర్యాపేట దవాఖానలో చేరాను. డాక్టరు కోసి, ముక్కలు కలిపి, లోపల తీగ పెట్టాడు.

“చెయ్యి లేపకు. ఎముక కదిలిందా, ఇగ నాగలి పట్టలేవు,” అన్నాడు. నా భయమూ అదే.

మా ఇంటి వంతు ఆగదు కదా. నా బదులు తమ్ముడు సాయిలు వెళ్ళాడు. వాడు ఎప్పుడూ ఎడమ భుజంతో కావడి మోసినవాడు. కుడివైపు అలవాటు లేదని చెప్పుకునే ధైర్యం వాడికెక్కడిది?

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నా భుజం మీద బరువు పడింది. ఊపిరాడక అరిచాను. కాసేపటికి అదే దిగిపోయింది. డాక్టరు కట్టు విప్పి మండిపడ్డాడు. కుట్ల పక్కన చర్మం కమిలి, బొంగు ఒత్తిన గాడి పడి ఉంది.

“ఏం మోసినవయ్యా?”

“మంచం దిగలే సారూ, నేను సూస్తనే ఉన్న,” అని పక్క మంచం ముసలాయన ఒట్టేశాడు.

మర్నాడు మాతో మేనా మోసే మా మామ ఏడుస్తూ వచ్చాడు. వాగు దాటుతుంటే సాయిలు కాలు జారిందట. వరద ఈడ్చుకుపోయిందట.

“నిన్న మద్యాన్నం, బిడ్డా. పోరడు పోయినంక ఆ మూల ఖాళీ. అయినా మేనా ఒరగలే. ఎవరో భుజం పెట్టినట్టే ఒడ్డుకొచ్చింది. దొరకు తెల్వనే తెల్వలే.”

దొర దిగాకే వెతకనిచ్చారు. అప్పటికి వాగులో ఏముంటుంది?

నా ఎముక అతికింది. తీగ తీశారు. మళ్ళీ నాగలి పట్టాను. ఆ గాడి మాత్రం ఇప్పటికీ చెరగలేదు. మంచంలో ఉన్న భుజం వాగులోకి ఎలా వెళ్ళిందో నాకు తెలియదు. వెళ్ళిందనే అనుకుందాం. పక్కనే తమ్ముడు కొట్టుకుపోతుంటే, వాణ్ణి వదిలేసి దొర మేనాను ఎందుకు పట్టుకుంది?